తొమ్మిది గొర్రెల పొదుపు పత్రం

జమ్మలమడుగు చుట్టుపట్ల జనానికి పొదుపు చేయడం తెలియదని 1958లో అధికారులు కనిపెట్టారు. కనిపెట్టడానికి జీపులో మూడు రోజులు తిరిగారు. వానల్లేక జనం గంజి పలచన చేసుకుంటున్నారని ఎవరో విన్నవించబోతే, పలచన చేసుకోవడం పొదుపులో మొదటి మెట్టనీ, అలా మిగిలింది సర్కారుకివ్వడం రెండో మెట్టనీ తేల్చి, పొదుపు వారోత్సవం ప్రకటించి వెళ్లారు.

ఆ ఊళ్లోని ఒకానొక ఆఫీసులో (పేరు చెబితే నొచ్చుకుంటారు) గురునాథం గుమాస్తా. ఏడేళ్లుగా టెంపరరీ. వారం లోపల వెయ్యి రూపాయల పొదుపు పత్రాలు అమ్మితే పర్మనెంటు చేస్తామని పై అధికారి మాటిచ్చారు. పర్మనెంటయితే అప్పు పుడుతుంది. అప్పు పుడితే వంటింటి మిద్దెకు కొత్త దూలం వస్తుంది. ఉన్న దూలాన్ని చెదలు తినేశాయి. దాని కింద గుంజ నిలబెట్టి, ఆ గుంజ పక్కనే అతని భార్య వైదేహి వంట చేస్తోంది. పొదుపు బోధించే మనిషి అప్పు కోసం ఎదురుచూడటంలో గురునాథానికి తప్పేమీ కనబడలేదు. మనకూ కనబడకూడదు.

మొదటి బోధ ఇంట్లోనే జరిగింది. "ఆడవాళ్లకు దుడ్లు దాయడమే తెలుసు, పెంచడం తెలీదు. నూరు పెడితే పన్నెండేండ్లకు నూట అరవై అయిదు! విన్నావా?"

"వింటాండా," అని వైదేహి గుంజ చుట్టూ తిరిగి వచ్చి మజ్జిగ పోసింది.

ఆరు రోజుల్లో ఎనిమిది వందలు పోగయ్యాయి. బడిపంతుళ్లు జీతం చేతికందకముందే స్వచ్ఛందంగా ఇచ్చారు. గాజుల అంగడి షాహీదాబీ లైసెన్సు కాయితం కోసం వచ్చి, అది దొరకాలంటే పొదుపు మీద మక్కువ ఉండాలని తెలుసుకుని, అయిదు రూపాయల పత్రం కొనుక్కుపోయింది. ఇంకా రెండు వందలు తక్కువ. ఆదివారమే సభ.

శుక్రవారం గురునాథం ఊరి బయట ఓబులమ్మ గొర్రెల దొడ్డికి వెళ్లాడు. ఆమె మొగుడు గంగులయ్య తమ మందను పులివెందుల కొండల వైపు మేతకు తోలుకుపోయి ఉన్నాడు. దొడ్లో మిగిలినవి తొమ్మిది. నడవలేని చూడి గొర్రెలు. ఒక్కోదాని చెవికి పసుపు గుడ్డపీలిక కట్టి ఉంది. ఆ పసుపు ఎక్కడో చూసినట్టే అనిపించింది గానీ, లక్ష్యం ముందున్నవాడికి రంగులు గుర్తుకు రావు.

"ఇవి అమ్మేసి పత్రం తీసుకో ఓబులమ్మా. గొర్రెకు రోగమొస్తాది. పత్రానికి రాదు."

ఓబులమ్మ అతని మొహం తేరిపార చూసింది. "ఈ తొమ్మిదీనా సామీ? నిజంగా ఈటినే అమ్మమంటాండావా?"

"వీటినే."

"తొమ్మిదీ నిండు చూడివి గదప్పా. నెలాగితే మంద రెట్టింపయితాది."

"సభ ఆదివారం. గొర్రెలు ఈనేదాకా సర్కారు ఆగదు."

"ఇంట్లో ఒక మాట అడిగినావా?"

"ప్రభుత్వం చెప్తాంటే ఇంట్లో అడిగేదేంది?"

"నీ ఇష్టం సామీ. నాదేముంది," అంది ఓబులమ్మ. మర్నాడు ప్రొద్దుటూరు సంతలో తొమ్మిదీ రెండు వందలకు పోయాయి. ఆ రెండు వందలకూ పత్రం రాసి, గడువు మధ్యలో డబ్బు అడగనని కూడా గురునాథం ఆమె చేత వేలిముద్ర వేయించాడు.

సభ దివ్యంగా జరిగింది. "అక్షరం రాని ఈ సోదరి తన సర్వస్వాన్ని దేశానికి అర్పించింది! తిండి తగ్గించండి, దేశాన్ని పెంచండి!" అని పై అధికారి గంటన్నర గర్జించి, ఓబులమ్మ మెడలో దండ వేశారు. తర్వాత పెద్దలకు విందు. మాంసం ప్రొద్దుటూరు నుంచే తెప్పించారు. చాలా బాగుందని అధికారి రెండోసారి వడ్డించుకున్నారు. గురునాథం ముట్టడు గనుక పప్పన్నం తిన్నాడు. చేతిలో పర్మనెంటు ఉత్తర్వు ఉంటే పప్పయినా విందే.

సాయంత్రం అతను ఆ ఉత్తర్వు భార్యకు చదివి వినిపిస్తుండగా ఓబులమ్మ దండతోనే పెరటి వాకిట్లోకి వచ్చింది.

"అమ్మా, సామి అమ్మమన్న నీ తొమ్మిది గొర్రెలు ఇవిగో," అని పత్రం అరుగు మీద పెట్టింది. "మేపే పని లేదంట. పన్నెండేండ్లకు ఒకే ఈత ఈనుతాదంట."

వైదేహి పత్రం తీసుకుని గుంజకు ఆనుకుని కూర్చుంది. ఏడేళ్ల కింద పుట్టింటివాళ్లు చీరకని ఇచ్చిన డబ్బుతో ఆమె రెండు గొర్రెలు కొని ఓబులమ్మకు పాలుకిచ్చింది. అంటే గొర్రె ఈమెది, మేపడం ఆమెది, పిల్లల్లో చెరిసగం. రెండు తొమ్మిదయ్యాయి. గుర్తుకని తన పాత పసుపు చీర చించి చెవులకు కట్టింది. పంతుళ్ల వంశంలో గొర్రెలేమిటంటాడని మొగుడికి చెప్పలేదు. చెప్పలేదన్న సంగతి ఓబులమ్మకు తెలియదు. ఈ ఈత దాటితే దూలం వచ్చేది, అప్పు లేకుండా.

"నాకొక మాట చెప్పి ఉంటే..." అన్నాడు గురునాథం.

"మీరొక మాట అడిగి ఉంటే," అంది వైదేహి. ఏడవలేదు. అది అతనికి మరీ కష్టమయింది.

పర్మనెంటు ఉద్యోగులు నెలనెలా జీతంలో కొంత స్వచ్ఛందంగా పొదుపు చేయాలని ఆ నెలలోనే ఉత్తర్వు వచ్చింది. దాంతో అప్పు తీర్చే స్తోమత లేదని అతనికి అప్పు పుట్టలేదు. వంటింట్లో రెండో గుంజ వెలిసింది. వైదేహి మళ్లీ ఏదో కూడబెడుతోందని గురునాథానికి అనుమానం కలిగి, ఈసారి యాడ పెడతాండావని అడిగాడు.

"మీకు చెప్తే సర్కారుకు చెప్పినట్లే గదా," అంది.

మరుసటి ఏడు లక్ష్యం రెండు వేలు. అనుభవజ్ఞుడు గనుక గురునాథాన్నే మాట్లాడమన్నారు. "తన ఇంటి పొదుపు ఎంతుందో, ఎక్కడుందో ప్రతి ఇంటి యజమానికీ తెలిసి ఉండాలి!" అన్నాడతను. ఆడవాళ్ల వైపు నుంచి చప్పట్లు మోగాయి. వైదేహి అందరికంటే గట్టిగా కొట్టింది. ఇవతలి వరుసల్లో కూర్చున్న ఆ ఆడవాళ్ల మొగుళ్లు కూడా నిశ్చింతగా కొట్టారు. చదువుతున్న అయ్యలారా, మీరూ కొట్టవచ్చు.