పొడుగు చిరునామా

పెద్ద అడవే అది. అయినా చిరునామాలు అయిపోయాయి. తాతల కాలంనుంచి నాలుగంకెల చిరునామాలతో నెట్టుకొచ్చారు గానీ, కుందేళ్ల పుణ్యమా అని ఒక్కటీ మిగల్లేదు. అందుకని ఏటి పక్కన కొత్త కాలనీకి ఎనిమిదంకెల చిరునామాలు ఇచ్చారు.

ఉత్తరాలు మోసే శాఖలు మూడు. గాలిదారి కాకిది, నీటిదారి తాబేలుది, కొమ్మలదారి కోతిది. అందరూ కొత్త పద్ధతికి మారాలని పోస్టు పెద్ద నక్క హుకుం వేసింది. తాబేలు మారాక చూద్దామంది కాకి. కాకి మారాక చూద్దామంది తాబేలు. కోతి మాత్రం వెంటనే మారిపోయింది. ఎలాగంటారా? మొదటి నాలుగంకెలు చదివి తక్కినవి చింపేసేది. కొత్త కాలనీ ఉత్తరాలన్నీ పాత పేటలో ఎలుగుబంటి ఇంట్లో పడేవి. చదువురాని ఎలుగుబంటి వాటిని పరుపులో కుక్కుకునేది.

నక్క పరీక్ష కూడా చేసిందండోయ్. తన ఆఫీసునుంచి తన ఆఫీసుకే ఉత్తరం రాసుకుంది. చక్కగా అందింది.

కొత్త కాలనీలో అలుగమ్మ అనే పొలుసుల అలుగు పసిబిడ్డతో ఉండేది. ఏరు పొంగే ముందు హెచ్చరిక పోస్టులోనే రావాలి. రాకపోతే బిడ్డ కొట్టుకుపోతుందని దాని భయం. ఆఫీసుకొచ్చి మొత్తుకుంది.

"నోటిమాట చెల్లదమ్మా. ఫిర్యాదు పోస్టులో పంపు," అంది నక్క.

"ఆ పోస్టే రావడం లేదంటున్నాను కదండీ."

"రావడం లేదు సరే, పంపడానికేం?"

పంపింది. పంపినవారి చిరునామా చూసి, ఇంత పొడుగు చిరునామా ఎవరికుంటుంది, ఇదేదో దొంగ ఉత్తరమని కాకి చెత్తలో పడేసింది.

కొత్త కాలనీనుంచి ఒక్క ఫిర్యాదూ లేదని నక్క సింహానికి నివేదించింది. సింహం మురిసిపోయి, నక్కకు అదే కాలనీలో బంగళా ఇచ్చింది.

వానలు పట్టుకున్నాయి. పోస్టుమీద నమ్మకం చచ్చిపోయిన అలుగమ్మ రోజూ ఎగువకెళ్లి కొంగను అడిగొచ్చేది. ఏరు పొంగబోతోందని కొంగ చెప్పగానే బిడ్డను తోకమీద ఎక్కించుకుని గుట్టకు బయల్దేరింది. పోతూ పోతూ నక్క తలుపు కూడా తట్టింది, పాపం.

"పోస్టు నాది. హెచ్చరిక ఉంటే ముందు నాకే వస్తుంది," అని నక్క తలుపేసుకుంది.

సాయంత్రానికి కాలనీ మునిగింది. గుట్టమీద కొలువుదీరిన సింహం, కొత్త కాలనీ కబుర్లేమిటని అడిగింది. అక్కణ్ణుంచి ఉత్తరమేదీ రాలేదంది కోతి.

అలుగమ్మ ఉండబట్టలేక కిందికి చూపించింది. "అదిగో దొరా, నక్కగారు. బంగళా కప్పుమీద."

సింహం కళ్లు చికిలించి చూసింది. "చెయ్యి ఊపుతోంది," అంది తృప్తిగా. "ఎంత సంతోషంగా ఉందో!"

నీతి: ఫిర్యాదులు రాని చోట అందరూ సుఖంగా ఉన్నట్టే, మనం అక్కడ కాపురం పెట్టనంతవరకు.