వేదిక మీదివాళ్లు వెనక్కి చూడరాదు

సొంత చలనచిత్రోత్సవం లేని ఊరిని నాగరికత లెక్కలోకి తీసుకోదని 1964లో సుల్తానాబాద్ పెద్దలు తీర్మానించారు. పట్నాలు జరిపినప్పుడు ఊరుకున్నారు గానీ, కరీంనగర్ కూడా జరుపుతోందని తెలిశాక ఇక ఆగలేకపోయారు. వెంటనే సంఘం ఏర్పడింది. అధ్యక్షుడు కరుణాకర్‌రావు దొర సినిమాలు చూడడు (కాబట్టి పక్షపాతం ఉండదు). ఊరి చివర టూరింగ్ టాకీస్ డేరా కుదిరింది.

పోటీకొచ్చిన బొమ్మల్లో ఒకటి వరినాట్ల మీద సర్కారు తీయించినది. అందులో తానున్నానని నాటేసే శంకరవ్వ అంటుంది. వాడకట్టు నమ్మదు.

"నీ మొఖం బొమ్మల వడ్డదా?" అంది పక్కింటి భూమవ్వ. "ఎవల వీపో సూపెట్టి నాదంటవు."

"మొఖమే వడ్డదే! నవ్వుమన్నరు, నవ్విన. రేపు సూస్తవు గదా."

అరచేతిలో పట్టే అద్దంలో తప్ప శంకరవ్వ తన ముఖం ఎన్నడూ చూసుకోలేదు. గోడంత చేసి చూసుకుందామని మర్నాడు కూలి మానుకొని డేరాకు వచ్చింది. నేల మీద చోటు చూసుకొని కూలబడబోతుంటే సంఘం కార్యదర్శి దశరథం పరుగున వచ్చాడు.

"గీడ కూసుంటవేందవ్వా? నువ్వు నటివి! నియమం ప్రకారం వేదిక మీదుండాలె."

వేదిక తెర కిందే ఉంది. కుర్చీలన్నీ జనం వైపు తిరిగి ఉన్నాయి. జిల్లా నుంచి వచ్చిన పెద్దసారు, దొర, ముగ్గురు న్యాయనిర్ణేతలు, చివర శంకరవ్వ. ఆమెకు శాలువా కప్పి దీపాలార్పారు. బొమ్మ మొదలైంది.

పెద్దసారు వెనక్కి తిరగలేదు. ప్రజలకు వీపు చూపడం మర్యాద కాదు. ఆయన తిరగందే దొర తిరగరాదు. దొర తిరగందే న్యాయనిర్ణేతలు తిరగరాదు (ఇద్దరు ఆయన కౌలుదార్లు). ఆ విధంగా వేదిక యావత్తూ జనాన్నే శ్రద్ధగా తిలకించింది.

ఉన్నట్టుండి డేరా గొల్లుమంది.

"ఓ శంకరవ్వా, నువ్వేనే!" నేల మీంచి లేచి భూమవ్వ అరిచింది. "గోడంత ఉన్నవే! ఎన్కకు సూడు!"

శంకరవ్వ మెడ సగం తిప్పింది. దశరథం శాలువా అంచు పట్టుకున్నాడు.

"అవ్వా, గౌరవం పోతది."

"ఎవలదయ్యా?"

"నీదే."

"పోతే పోనీ, జర సూడనియ్!"

విడిపించుకొని తిరిగేసరికి తెర మీద ఏవో అక్షరాలున్నాయి. ఆమెకు చదువు రాదు.

"ఇంకోపారి ఎయ్యుండ్రి సారూ."

"ఒక్క బొమ్మను రెండుసార్లేస్తే కడమ బొమ్మలకు అన్యాయమైతదవ్వా" అన్నాడు దశరథం.

చివరికి న్యాయనిర్ణేతలు ముఖాల్లోని సహజత్వానికి గాను ఆ చిత్రానికే మొదటి బహుమతి ఇచ్చారు. నియమం ప్రకారం నటి అభిప్రాయం కూడా కావాలి.

"బొమ్మ ఎట్లున్నది?" దొర అడిగాడు.

"మీకెట్ల కనవడ్డదో నాకు గట్లనే కనవడ్డది దొరా."

తీర్పు ఏకగ్రీవమని ప్రకటించారు.