పిట్టల గిన్నెలో మురళీధర్ గారు

ఈ ఎండాకాలం నంద్యాల, ఆళ్ళగడ్డలలో ఒక్క పిట్ట కూడా జబ్బు పడరాదని మురళీధర్ గారు నిర్ణయించారు. నిర్ణయాన్ని నాలుగు మైకుల్లో ప్రకటించారు కాబట్టి పిట్టలన్నిటికీ చేరే ఉంటుంది.

ఆయన పక్షి సంక్షేమ సమితికి కొత్త అధ్యక్షులు. పార్టీ ఆయనకు పదవి ఇవ్వాలనుకునేసరికి మిగతావన్నీ నిండిపోయి పక్షులు మాత్రమే మిగిలాయి. అయినా చిన్నబుచ్చుకోలేదు. "పిట్టలు గూడు పెట్టే కాలమిది. ప్రతి పెరట్లో నీళ్ళుండాల!" అన్నారు. చప్పట్లు చాలాసేపు మోగాయి.

ఆళ్ళగడ్డలో మా వీధికి కార్యకర్త ప్రదీప్ ఇంటికొక ప్లాస్టిక్ గిన్నె తెచ్చి ఇచ్చాడు. గిన్నె అడుగున చేతులు జోడించిన మురళీధర్ గారి రంగుల ఫోటో. నీళ్ళకు వంగిన ప్రతి పిట్టకూ ఆయన నమస్కారం అందే ఏర్పాటు. ఇంత ముందుచూపు నేనెక్కడా చూడలేదు.

మా పక్కింటి హన్నమ్మ టీచరుగా చేసి రిటైరైన మనిషి. ఆమె పెరటి గోడ కన్నంలో పిచ్చుకలు గూడు కట్టి మూడు పిల్లల్ని చేశాయి. ఆమె రోజూ పొద్దున్నే గిన్నెను కొబ్బరిపీచుతో తోమి నీళ్ళు మార్చేది. మూడో రోజుకు మురళీధర్ గారి మీసం పోయింది. వారానికి ముక్కు పోయింది.

వాట్సాప్ గ్రూపుకు ఫోటో తీద్దామని వచ్చిన ప్రదీప్ గిన్నెలోకి చూసి నిలబడిపోయాడు.

"ఏందీ టీచరమ్మా ఇది! అన్న మీసం యాడికి పాయె?"

"నాకేం తెలుసు నాయనా. పాచి పడితే తోమినా. మురికి నీళ్ళు తాగితే పిట్టలకు రోగమొస్తాది."

"తోమొద్దు టీచరమ్మా. వీధిలో ఇంకెవరన్నా తోముతాండారా?"

నిజమే, ఎవరూ తోమలేదు. వెనక వీధిలో సుబ్బలక్ష్మమ్మ ఇంటి గిన్నెలో రెట్టలు, పాచి పేరుకుపోయాయి. దాని పక్కనే ఒక పిచ్చుక రెండు రోజులు కళ్ళు వాచి, ఈకలు ఉబ్బించుకుని కూర్చుని, మూడో రోజు చచ్చిపోయింది. సుబ్బలక్ష్మమ్మ కబురు చేస్తే హన్నమ్మ వెళ్ళి దాన్ని అరచేతిలోకి తీసుకుంది. తర్వాత చేతిరుమాలులో చుట్టి, నన్ను తోడు తీసుకుని నంద్యాల బస్సెక్కింది.

మురళీధర్ గారు మమ్మల్ని ఎంతో మర్యాదగా కూర్చోబెట్టారు. రుమాలు విప్పగానే లేచి నిలబడి రెండు నిమిషాలు మౌనం పాటించారు. పక్కనున్నతను ఫోటో తీశాడు. మొదటిది సరిగా రాలేదట, ఇంకో రెండు నిమిషాలు పాటించారు.

"చెప్పండి టీచరమ్మా, ఏం చేయమంటారు?"

"గిన్నెల్లో రెట్టలు పడి నీళ్ళు చెడిపోతాండాయప్పా. తోముదామంటే నీ బొమ్మ పోతాదని జనం భయపడతాండారు. బొమ్మ లేని గిన్నెలియ్యి, చాలు."

ఆయన కళ్ళు మూసుకుని ఆలోచించారు. గదిలో అందరం ఊపిరి బిగబట్టాం.

"అంటే, రెట్ట పడకుండా చూడాల. అంతే కదా?"

"అది కాదప్పా..."

"అర్థమైంది టీచరమ్మా. మీలాంటోళ్ళే మాకు కళ్ళు."

వారం తిరగకుండా మురళీధర్ గారు స్వయంగా మా వీధికి వచ్చారు. వెంట రెండు జీపులు, డప్పులు. ఆ చప్పుడుకు హన్నమ్మ గోడలోని తల్లిపిచ్చుక ఎగిరిపోయి సాయంత్రం దాకా తిరిగి రాలేదు. కన్నం లోపల పిల్లలు అరుస్తూనే ఉన్నాయి. హన్నమ్మ గోడకు అడ్డంగా నిలబడి "డప్పులాపండప్పా!" అని అరిచింది. అది జయధ్వానమనుకుని ప్రదీప్ ఆమె మెడలో దండ వేశాడు.

మురళీధర్ గారు కొత్త ఫోటో ఉన్న గిన్నె పెట్టి, దాని మీద సన్నకన్నాల ఇనుప జాలీ బిగించి, నాలుగు వైపులా స్క్రూలు కొట్టించారు. రెట్ట కాదు కదా, ఈక కూడా లోపల పడదు.

"నీళ్ళు శుభ్రంగుండాయా లేదా, టీచరమ్మా?"

"ఉండాయి," అంది హన్నమ్మ.

ప్రదీప్ అంతవరకే రికార్డు చేశాడు.

వాళ్ళు వెళ్ళాక ఆమె దండ తీసి, ఇంట్లోంచి ఒక మట్టి మూకుడు తెచ్చి, కడిగి, నీళ్ళు పోసి గోడ కింద పెట్టింది. చీకటి పడే ముందు తల్లిపిచ్చుక వచ్చింది.

నెల తర్వాత పేపర్లో సమితి ప్రకటన చదివాను. జాలీలు బిగించాక, సమితి గిన్నెల్లో నీళ్ళు తాగి జిల్లాలో ఒక్క పిట్ట కూడా జబ్బు పడలేదట. అందులో అక్షరం కూడా అబద్ధం లేదు.