యాభయ్యో మెట్టు మీద ఉడుత

ఆ రోజు పొద్దున్న చిన్నకోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి కూతుర్ని లేపాలి. ఏడుంపావుకి ఫోను ముందు కూర్చోబెట్టాలి. ఏడున్నరకల్లా ‘చదువుమెట్లు’ అనే యాప్‌లో మూడు మెట్లు ఎక్కించాలి. ఎనిమిదింటికి బడికి పంపేసి, తను పళ్ళ డాక్టరమ్మ దగ్గర ఉద్యోగానికి వెళ్ళిపోవాలి. ఇలా నెల తిరిగేసరికి పిల్ల తెలుగు గడగడా చదివేయాలి. ఆ చదవడం మేడమీద వాళ్ళకి వినబడాలి. నిజం చెప్పాలంటే పథకం మొత్తంలో ఆవిడకి ముఖ్యమైంది ఆ చివరి ముక్కే.

మేడమీద ఉండేది పెద్దకోడలు, ఆవిడ మొగుడు, ఏడేళ్ళ కొడుకు, అత్తగారు. కింది వాటా చిన్నకోడలిది. మంట రాజుకున్నది అంతకు ముందు ఆదివారం. కింద మెట్ల దగ్గర గోడకి ఎవరో కాగితం అంటించి పోయారు. పెద్దకోడలి కొడుకు దాని ముందు నిలబడి, "ట్యాంకు కడుగుతున్నందున రేపు ఉదయం నీళ్ళు రావు" అని ఒక్క తప్పు లేకుండా చదివేశాడు. వాడు చిన్నకోడలి కూతురు చిట్టికంటే నాలుగు నెలలు చిన్న. చిట్టి కూడా ఆ కాగితాన్ని పైనుంచి కిందికి చూసి, "బొమ్మ లేదేంటి?" అంది.

"ఎవరు చెప్తున్నారక్కా వీడికి? బడిలో తెలుగు వారానికి ఒక్క గంటేగా!" అని అడిగింది చిన్నకోడలు, నవ్వు ముఖం పెట్టుకుని.

"ఎవరో చెప్పేదేముందే? నెట్లో అన్నీ ఉచితంగా దొరుకుతున్నాయి. మనకి కాస్త ఓపికుండాలి గానీ" అంది పెద్దకోడలు.

చిన్నకోడలికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఓపికట, ఓపిక! దొరుకుతాయంది గానీ ఎక్కడ దొరుకుతాయో చెప్పిందా? చెప్పదు. చెప్తే అరిగిపోతుంది. సాయంత్రం గిన్నె తిరిగిచ్చే వంకతో పైకెళ్ళి, సోఫా మీద వెలుగుతున్న ట్యాబ్ మీద ఓ కన్నేసి, పేరు చూసుకుని వచ్చింది.

కుళ్ళుకి అసలు కారణం కాగితం కాదు, చిట్టి. బడి నుంచి రాగానే సంచీ గుమ్మంలో విసిరేసి, తల్లి మొహమైనా చూడకుండా "పైకెళ్తున్నా!" అని ఒకే పరుగు. మళ్ళీ దిగేది అన్నాలవేళకే. చిన్నకోడలికి ఉన్నది ఒక్కగానొక్క పిల్ల. అది పుస్తకం పట్టుకుని తన పక్కన కూర్చోవాలని, ఒక్క కథైనా తనకి చదివి వినిపించాలని ఆవిడ కోరిక. ఆ ముచ్చటంతా పెద్దమ్మే తీర్చుకుంటోందని ఆవిడ నమ్మకం. ‘నా పిల్లకి ఏం మందు పెట్టిందో మహాతల్లి’ అని పళ్ళు నూరేది.

చదువుమెట్లు మంచి సరుకే. గుణింతాల ఆటలు, ఒత్తుల పాటలు, విని రాయడం, కథలు చదివి మైకులో వినిపించడం, అన్నీ ఉచితం. మొత్తం యాభై మెట్లు. పిల్లల పేర్లు బయటికి రాకుండా వాళ్ళే ఒక జంతువు పేరు ఇస్తారు. చిట్టికి ‘ఉడుత’ వచ్చింది. కింద చిన్న పట్టిక కనబడింది: మీ వీధిలో చదువుతున్నవారు ఇద్దరు. ఉడుత, సున్నా మెట్లు. నత్త, రెండు మెట్లు.

"ఇదన్నమాట! వీడే నత్త!" అంది చిన్నకోడలు పైకప్పు వైపు చూస్తూ.

చిట్టి మొదటి రోజు మూడు మెట్లెక్కింది. రెండో రోజు ఒక మెట్టెక్కి ఆవులించింది. మూడో రోజు ఫోను బోర్లించి పైకి పారిపోయింది. ఆ సాయంత్రం పట్టిక చూస్తే నత్త తొమ్మిదో మెట్టు మీద ఉంది. చిన్నకోడలు ఫోను చేతిలోకి తీసుకుంది. ‘ఇవాల్టికి నేను నెట్టేస్తే రేపు పిల్ల అందుకుంటుందిలే’ అనుకుని ఆరు మెట్లు తనే ఎక్కేసింది. ఒత్తులన్నీ వరసగా కరెక్టు. తెర మీద నక్షత్రాలు రాలి, "శభాష్ ఉడుతా!" అని చప్పట్లు వినబడ్డాయి. పెళ్ళయ్యాక ఆవిడని ఎవరైనా శభాష్ అనడం అదే మొదలు.

మర్నాడు నత్త పదిహేను. చిన్నకోడలు పద్దెనిమిది. ఆ మర్నాడు నత్త ఇరవై మూడు.

"నత్తట, నత్త! రెక్కలొచ్చాయి దీనికి" అని కూర తరుగుతూ సణిగింది.

వాచీలు బాగుచేసే మొగుడు భూతద్దం కంటికి పెట్టుకునే అడిగాడు. "ఇంతకీ నువ్విప్పుడు ఏ తరగతి?"

"మీకేం, మీరు నవ్వుతారు! మీ వదినగారి ముందు మన పిల్ల నోరెళ్ళబెడితే తల ఎక్కడ పెట్టుకుంటారు?"

"పిల్లేది?"

"పైనుంది."

ఆయన మళ్ళీ వాచీలోకి తలదూర్చేశాడు.

ముప్పయ్యో మెట్టు దాటాక చిక్కొచ్చింది. కథ గట్టిగా చదివి వినిపించాలి. చిన్నకోడలు చదివితే, "పెద్దవాళ్ళ సాయం లేకుండా నువ్వే ప్రయత్నించు, బుజ్జీ" అని యంత్రం తిప్పి కొట్టింది. దాంతో ఆవిడ ముక్కు కాస్త నొక్కిపట్టి, గొంతు పీల్చి, ఏడేళ్ళ పిల్ల గొంతు సాధన చేసింది. ఇంట్లో చేస్తే మేడమీదకి వినబడుతుంది. కాబట్టి క్లినిక్‌లో, మధ్యాహ్నం రద్దీ తగ్గినప్పుడు, ఎక్స్‌రే గదిలో దూరి తలుపేసుకునేది. చప్పుడు బయటికి పోకుండా ఎక్స్‌రే తీసేటప్పుడు వేసే సీసపు ఏప్రాన్ కూడా నెత్తిన కప్పుకునేది.

ఆ గురువారం కథలో పిల్ల ఎలుక బోనులో పడింది. పాత్రలో లీనమై చదివితే నక్షత్రాలు ఎక్కువిస్తారు. చిన్నకోడలు లీనమైపోయింది.

"అమ్మో! నన్ను వదిలెయ్యండి! ఇంకెప్పుడూ ఇక్కడికి రాను! నాకు మా అమ్మ కావాలి!"

బయట అయిదుగురున్నారు. దవడ వాచిన లారీ డ్రైవరు, ఎద్దులాంటి మనిషి, చెయ్యి దవడకి ఆనించుకునే లేచి వెళ్ళిపోయాడు. ఒకావిడ తన కొడుకుని చంకనేసుకుని పరుగందుకుంది. మిగిలిన ఇద్దరిలో ఒకరు, "పిల్లల్ని కట్టేసి పీకుతారా ఇక్కడ?" అని కేకేశారు. డాక్టరమ్మ చేతిలో పన్ను కోసే మిషను ఆపకుండానే బయటికొచ్చింది. అది చూసి ఆ ఇద్దరూ కూడా పోయారు.

తలుపు తెరిస్తే ఏప్రాన్ కింద గుట్టలా ఒక ఆకారం, లోపలినుంచి ఏడుపు.

"ఎవరమ్మా లోపల? పిల్లేది?" అంది డాక్టరమ్మ హడలిపోయి.

చిన్నకోడలు తల బయటపెట్టింది. ‘నేనేనండీ’ అంటే ఉద్యోగం పోతుందనిపించింది. "పిల్ల లేదండీ. మా అమ్మాయి చదివిన కథ ఫోన్లో వింటున్నానండీ. చదువుమెట్లని, ఇంటి దగ్గరే నేర్పుకునేది. ఉచితమండీ."

డాక్టరమ్మ కోపం సగంలో ఆగిపోయింది. "ఏడేళ్ళకే అంత బాగా చదువుతోందా! ఒళ్ళు జలదరించిందనుకో. మా మనవరాలిని కూడా చేర్పిస్తాను. ఆ పేరేదో రాసివ్వు. రాసిచ్చాక ఆ వెళ్ళిపోయినవాళ్ళందరికీ ఫోన్లు చేసి బతిమాలు."

రెండు వారాల్లో ఉడుత యాభయ్యో మెట్టెక్కింది. అదే రోజు నత్త కూడా ఎక్కేసింది. చిన్నకోడలు దిండులో మొహం పెట్టుకుని అరవబోతుంటే ఫోను మోగింది: "అభినందనలు! ఈ శనివారం పది గంటలకి ఉడుత, నత్త వీడియోలో అందరి ముందూ కొత్త కథ చదువుతారు. నలభై కుటుంబాలు చూస్తాయి!"

కొత్త కథట. ముందుగా బట్టీ పట్టించడానికి కూడా లేదు. చిన్నకోడలు దిండు విసిరేసి లేచి కూర్చుంది. తన పరువు సంగతి దేవుడెరుగు, పసిదాన్ని తీసుకెళ్ళి నలభై ఇళ్ళ ముందు నోరు పెగలని దానిలా నిలబెట్టబోతోంది. చేసిందంతా చేసింది తను, నవ్వులపాలయ్యేది చిట్టి. దానికి తోడు డాక్టరమ్మ, "శనివారం నేనూ చూస్తున్నానోయ్" అంది. పైగా పైనుంచి అత్తగారి కబురు: "ఇద్దరు మనవలూ ఒకే రోజు చదువుతుంటే రెండు చోట్ల ఎందుకు? నా గదిలో పెట్టండి, కళ్ళారా చూస్తాను."

శనివారం చిన్నకోడలు చిట్టి మెడకి మఫ్లరు చుట్టి, "నీకు గొంతు పోయింది. గుర్తుందిగా?" అని పైకి తీసుకెళ్ళింది. అత్తగారి గదిలో పెద్దకోడలి కొడుకు మెడకీ మఫ్లరుంది.

"గొంతు పట్టేసిందే పాపం వీడికి, మాటే రావట్లేదు" అంది పెద్దకోడలు.

"దీనికీ అంతేనక్కా."

"ఇద్దరికీ ఒక్కసారే పోయాయా గొంతులు? మరి పొద్దుట్నుంచీ మేడ ఎగిరిపోయేలా అరిచినవాళ్ళెవరు?" అన్నారు అత్తగారు.

అంతలోనే ట్యాబ్‌లో చదువుమెట్లు పంతులమ్మ ప్రత్యక్షమైంది. చుట్టూ నలభై చిన్న గడులు, గడికో కుటుంబం. "ఉడుత ఏది? నత్త ఏది? ఇద్దరి కథలన్నీ నేనే విన్నాను, గొంతులు నాకు కంఠతా వచ్చు!"

చిన్నకోడలు ముందుకొచ్చి సంగతి చెప్పబోయింది. పక్క గడిలో డాక్టరమ్మ కళ్ళజోడు మెరుస్తోంది. ఆ కంగారులో చిన్నకోడలికి అలవాటైపోయిన పిల్ల గొంతే వచ్చింది. "మా పాపకి ఒంట్లో బాగాలేదండీ!"

"ఉడుతా! నువ్వేనా!" అంది పంతులమ్మ.

పెద్దకోడలు ముందు తెల్లబోయి, తర్వాత పట్టలేని ఆనందంతో ఎగిరిపడింది. ఆనందం మరీ ఎక్కువై గొంతు కీచుగా వచ్చేసింది. "ఛీ ఛీ! పిల్ల బదులు నువ్వు చదువుతున్నావా? సిగ్గులేదూ!"

"నత్త కూడా వచ్చేసింది!" అంది పంతులమ్మ.

"అక్కా! నువ్వూనా?"

"మరేం చెయ్యమంటావే? వాడు మూడోరోజుకే ట్యాబ్ మొహాన కొట్టాడు. నువ్వు చూస్తే రోజుకి ఆరేసి మెట్లు! నీ పిల్ల అంత చురుకైతే నేను కళ్ళప్పగించి చూస్తూ కూర్చోనా? నిద్రపట్టిందనుకున్నావా నాకు?"

తన మీద కూడా ఒకరు కుళ్ళుకుని చచ్చారని తెలిసేసరికి, ఆ సిగ్గులోనూ చిన్నకోడలికి ఎక్కడో హాయిగానే అనిపించింది.

పంతులమ్మ నిట్టూర్చింది. "సరేనమ్మా, అయిందేదో అయింది. ఇంకెవరింట్లోనైనా అమ్మలో, నాన్నలో, అమ్మమ్మలో పిల్లల బదులు చదివేశారా? చదివుంటే మీ కెమెరా కట్టేసి వెళ్ళిపోండి. నేనేమీ అనను."

అందరికంటే ముందు ఆరిపోయింది డాక్టరమ్మ గడి. తర్వాత రెండు, అయిదు, పది. చూస్తుండగానే మూడు గడులు మిగిలాయి. అందులో ఒకదాంట్లో ఉన్నది పిల్లి.

"పిల్లలు ఎవరైనా ఉన్నారా అసలు?" అంది పంతులమ్మ నీరసంగా.

చిట్టి మఫ్లరు ఊడదీసి మంచం మీద పారేసింది. ఎవరూ అడగకుండానే వెళ్ళి ట్యాబ్ ముందు కూర్చుంది. తెర మీద కొత్త కథ. చిన్నకోడలు చెయ్యి అడ్డం పెట్టబోయి, పెట్టలేక నోటికి అడ్డం పెట్టుకుంది.

"వా...న... వె...లి...సిం...ది. క...కప్ప... గొ...డు...గు... ముడి...చిం...ది."

రెండు వాక్యాలకీ నిమిషంన్నర పట్టింది. మధ్యలో సాయం చెయ్యబోయిన తమ్ముణ్ణి మోచేత్తో పొడిచింది. అయినా చదివింది. బొమ్మ చూసి కాదు, అక్షరం చూసి చదివింది. ఆ తర్వాత తమ్ముడు అందుకుని మూడో వాక్యం చదివాడు. పంతులమ్మ కళ్ళు తుడుచుకుని, చిట్టిని ఇంకో వాక్యం అడిగింది.

చిన్నకోడలు కూతుర్ని గుండెలకి హత్తుకుంది. "నా తల్లే! నా బంగారమే! ఎప్పుడు నేర్చుకున్నావే? ఎవరు, పెద్దమ్మా?"

"పెద్దమ్మ ఎప్పుడూ ట్యాబ్‌లోనేగా ఉంటుంది. నువ్వేమో ఫోన్లో. నానమ్మే" అంది చిట్టి. "నానమ్మకి పాపం అక్షరాలు కనబడవమ్మా. మందుల అట్టలు, పేపరు, ఉత్తరాలు అన్నీ మేమే చదివిపెట్టాలి. తప్పు చదివితే తప్పు మాత్ర వేసుకుంటానంటుంది. అందుకని జాగ్రత్తగా చదువుతాం. నీకూ చదవనా? నీ చదువు అయిపోయిందా?"

"అయిపోయిందమ్మా" అంది చిన్నకోడలు. మంచం మీది మఫ్లరు తీసి కళ్ళకి అద్దుకుంది.

కళ్ళు తుడుచుకున్నాక పాత మంట మళ్ళీ లేచింది. తను చెయ్యాల్సిన పని, తనకి దక్కాల్సిన ముచ్చట, అన్నీ ఇక్కడ ఈ గదిలో జరిగిపోయాయి. పెద్దకోడలి వైపు చూస్తే ఆవిడ కూడా సరిగ్గా అదే మొహం పెట్టుకుని ఉంది. పదేళ్ళలో తోడికోడళ్ళిద్దరూ ఒకే మనిషి మీద, ఒకే క్షణంలో కుళ్ళుకోవడం అదే మొదటిసారి. ఇద్దరూ కలిసి అత్తగారి వైపు తిరిగారు.

అత్తగారు కిటికీ పక్కన కూర్చుని, మొదటిసారికే సూదిలో దారం ఎక్కించి, మనవడి చొక్కాకి బొత్తాం కుడుతున్నారు.