గొట్టం చూసిన దిక్కు

ఆదివారం పొద్దున జ్యోతి వేసుకున్న లెక్క చాలా మామూలుది. భర్త జయరాముడు మిద్దె మీద సూర్యుడి ఫోటో తీసుకుని దిగి వస్తాడు, అమ్మ చేసిన బెల్లం ఓళిగలు తింటారు, మధ్యాహ్నం బస్సుకు గుంతకల్లు వెళ్లి టెలిస్కోపును జోయల్‌కు అప్పగిస్తారు. జోయల్ రైల్వేలో జయరాముడి తోటి ఉద్యోగి. సూర్యుణ్ణి చూడ్డానికి ఎర్ర ఫిల్టరు అమర్చిన ఆ టెలిస్కోపంటే అతనికి ప్రాణం. "ఒక్క చుక్క నీళ్లు తగిలినా ఫిల్టరు పోయినట్టే. దాంతో మన స్నేహం గూడా పోయినట్టే" అని నవ్వకుండా చెప్పి ఇచ్చాడు.

గుంతకల్లు క్వార్టర్స్‌లో ఆకాశం కన్నా కొమ్మలూ కరెంటు తీగలూ ఎక్కువ కనపడతాయి. అందుకే ఈ ప్రయాణం. వజ్రకరూరు దగ్గర జ్యోతి అమ్మ నాగలక్ష్మమ్మ ఊళ్లో మిద్దె ఎక్కితే నాలుగు దిక్కులా అడ్డమనేది లేదు. మబ్బు కూడా లేదు. నాగలక్ష్మమ్మ చేన్లో వేరుశనగ జానెడు లేచి, వాన కోసం చూసి చూసి ఆకులు ముడుచుకుంది. ఆకాశం తేటగా ఉందని ఊరు ఊరంతా దిగులుపడుతుంటే, అదే ఆకాశాన్ని చూసి మురిసిపోయినవాడు జయరాముడొక్కడే. ఆ మురిపెం వీధిలో చూపించొద్దని జ్యోతి ముందే హెచ్చరించింది.

నిన్న ఆమె కూడా ఆ గొట్టంలోంచి చూసింది. సూర్యుడు కుంకుమ పరిచిన పళ్లెంలా ఉన్నాడు. అంచున సన్నటి మంటలు, మధ్యలో ఎలుక కొరికినట్టు నల్లమచ్చలు. బాగుందనే అంది. అంత బాగున్నదానికి మళ్లీ వేల బొమ్మలు తీసి, కదలనివి ఏరి, అన్నీ కలిపి ఒక్కటి చెయ్యడం ఎందుకో మాత్రం ఆమెకు తెలియలేదు.

చిక్కు ల్యాప్‌టాప్ దగ్గర మొదలైంది. ఎండకు తెర కనపడలేదు. నల్లగా, మందంగా ఏదన్నా ఉందా అని అల్లుడు అడిగితే నాగలక్ష్మమ్మ గొర్రెబొచ్చు కంబళి తీసి ఇచ్చింది. జయరాముడు దాన్ని నెత్తిన కప్పుకుని, ల్యాప్‌టాప్‌ను లోపలికి లాక్కుని, టెలిస్కోపు పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. మిద్దె అదురుతుందని ఎవర్నీ పైకి రావద్దన్నాడు. పని అయ్యేదాకా తిండి వద్దన్నాడు. పలకరిస్తే కంబళిలోంచి ఒక చెయ్యి బయటికొచ్చి, ఆగమన్నట్టు ఊగి, లోపలికి పోయింది.

పక్కింటి సుంకమ్మ గోడ మీంచి ఇదంతా చూసింది.

"ఏం వదినా, అల్లునికి చలిజొరమా?"

"జొరమేంటికి? పొద్దు పక్క జూసి కూచున్యాడు."

"ఏమన్నా తినిండాడా?"

"తెల్లారే నీళ్లు పోసుకున్యాడు. మెతుకు ముట్టలేదు. పిలిస్తే పలకడు గూడా."

నాగలక్ష్మమ్మ చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. సుంకమ్మ కూడా విన్నది విన్నట్టే వీధి కొళాయి దగ్గర చెప్పింది. ఉపవాసం, మౌనం, సూర్యుడికి ఎదురుగా ఆసనం, మండే ఎండలో వానకు కప్పుకునే కంబళి. ఇన్ని కలిసొచ్చాక ఊరికి వేరే అర్థం దొరకలేదు. నాగలక్ష్మమ్మ అల్లుడు వాన కోసం మొక్కు పట్టాడు.

కాసేపటికి గడపలో టెంకాయలు, ఊదుకడ్డీలు చేరాయి. వాటి వెనకాలే ఊరి పెద్ద కుళ్లాయప్ప వచ్చాడు.

"మా తాత కాలంలో ఒకాయన ఇట్లనే కూచున్యాడంట. వంకలూ వాగులూ పారినాయంట" అన్నాడు.

"పెద్దనాయనా, మొక్కూ లేదు ఏమీ లేదు. ఆయన ఫోటో తీస్తాండాడు" అంది జ్యోతి.

"ఎవురిది?"

"సూర్యునిది."

"దినామూ వచ్చేటోనికి ఫోటో ఏంటికి పాపా?"

పెళ్లయినప్పటి నుంచీ భర్తను జ్యోతి అడుగుతున్న ప్రశ్నే అది.

"ఫోటో తీసేటోళ్లు కంబళి కప్పుకుంటారా యాడన్నా" అంది సుంకమ్మ. "మొక్కు బయటికి చెప్పగూడదు. నువ్వు దాచేది మాకు తెలుసులే."

జ్యోతి తల్లిని వంటింట్లోకి లాక్కుపోయింది. "అమా, నువ్వన్నా చెప్పు."

"ఏం చెప్పల్ల? అల్లుని పేరు జెప్పి మన గడపకు టెంకాయలొచ్చేది ఇదే మొదలు. ఉండనీ" అని నాగలక్ష్మమ్మ పెనం మీది ఓళిగ తిరగేసింది.

ఇంతలో పలకలు కొట్టేవాళ్లు వచ్చారు. మోతకు మిద్దె అదిరింది, తెర మీద సూర్యుడూ అదిరాడు. కంబళిలోంచి చెయ్యి వచ్చి, ఆపమని గట్టిగా ఊగింది.

"ఇంగా గట్టిగా కొట్టమంటాండాడు" అన్నాడు కుళ్లాయప్ప. వాళ్లు కొట్టారు.

అసలు ప్రమాదం ఆ తర్వాత వచ్చింది. వాన కోసం శివుడికి బిందెలతో నీళ్లు పొయ్యడం ఆ ఊరికి అలవాటే. ఈసారి శివుడి తరఫున మనిషే కూర్చున్నాడు కాబట్టి ఈయనకే పోద్దామని కుళ్లాయప్ప తీర్మానించాడు. ఇంటికో బిందె. కొళాయి ఎప్పుడొస్తుందో తెలియని ఊళ్లో అంత నీళ్లు బయటికి తీశాక, నిండు బిందెతో వెనక్కి వెళ్లే ఆడదెవరూ ఉండరు. ముందు సుంకమ్మ, ఆమె వెనక వరసగా, మెట్లెక్కడం మొదలుపెట్టారు.

జ్యోతి అందరికన్నా ముందు మిద్దె మీదికి చేరింది. ఒకవైపు గొట్టం, ఒకవైపు బిందెలు. ఆమె కళ్ల ముందు జోయల్ మొహం మెదిలింది.

"నిలబడండి. గొట్టానికి నీళ్లు తగిలితే వాన పడదంట" అంది. అంతవరకు నిజం చెబితే నమ్మనివాళ్లు దీన్ని వెంటనే నమ్మారు.

"మరి యాడ పొయ్యల్ల?" అంది సుంకమ్మ.

జ్యోతి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఈయన మింద పొయ్యండి. ఆ మూలకు పిల్చకపొయ్యి."

కంబళి పైకి లేచింది. చెమటతో తడిసిన జయరాముడి మొహం బయటపడింది. "ఒక్క నిమిషం. రికార్డింగ్ అవుతాండాది."

"జోయలన్న గొట్టం" అంది జ్యోతి మెల్లగా.

జయరాముడు గొట్టాన్ని చూశాడు, బిందెలను చూశాడు, కంబళితో సహా లేచి మూలకు వెళ్లి కూర్చున్నాడు. జ్యోతి ల్యాప్‌టాప్ మీద గంప బోర్లించి, టెలిస్కోపుకు అడ్డంగా నిలబడింది. ఒక్కో బిందెకూ గొర్రెబొచ్చు బరువెక్కింది. కొంతసేపటికి ఆయన లేవాలనుకున్నా లేవలేని స్థితికి వచ్చాడు.

బస్సు పోయింది. మొక్కు మధ్యలో మనిషిని కదిలించకూడదని కుళ్లాయప్ప మెట్ల దగ్గరే కూర్చున్నాడు. టెలిస్కోపు కింద ఉన్న చిన్న మోటారును ఎలా ఆపాలో జ్యోతికి తెలియదు. ఎవరి మొక్కుతోనూ సంబంధం లేని ఆ మోటారు, సూర్యుడి వెంటే గొట్టాన్ని తిప్పుకుంటూ పడమరకు తెచ్చింది.

సాయంత్రం పడమర నుంచే మబ్బు లేచింది. ఊరంతా మిద్దెలెక్కింది. గాలి వీచింది, మట్టివాసన వచ్చింది, వాన కురిసింది. వంకకు అవతలి ఊళ్లో. తెల్లటి తెర దింపినట్టు అక్కడ కురుస్తుంటే, ఇక్కడి దుమ్ములో నాలుగు చినుకులు, గొట్టానికి జ్యోతి అడ్డం పెట్టిన కొంగు మీద రెండు పడి ఆగిపోయాయి.

కుళ్లాయప్ప వానను చూశాడు. అక్కణ్ణుంచి వెనక్కి చూపు తెచ్చుకుంటే అది నేరుగా గొట్టం మూతి దగ్గరికి వచ్చింది.

"అల్లుడా, దీన్ని ఆపక్కకు తిప్పిందెవురు?"

"ఎవురూ తిప్పలేదు మామా. పొద్దెట్ల పోతే అదట్లనే పోతాది" అన్నాడు జయరాముడు మూలనుంచి.

"నీళ్లు మావి, వాన వాళ్లకు" అంది సుంకమ్మ ఖాళీ బిందె చంకన పెట్టుకుని. "వాళ్లు చెంబుడు గూడా పొయ్యలేదు."

మరి రేపు కూర్చోబెడదామని ఎవరో అన్నారు. కుళ్లాయప్ప ఒప్పుకోలేదు. "పొద్దు ఏనాడన్నా తూర్పున గుంకిందా? ఇది ఈడుంటే ఎన్నినాళ్లయినా సాయంత్రానికి వాళ్లనే చూస్తాది. వద్దప్పా. దీన్ని ఇప్పుడే ఊరు దాటించల్ల."

మధ్యాహ్నం మిద్దె దిగనివ్వని మనిషి తానే ఆటో పిలిపించాడు. చుక్క నీళ్లు తగలని టెలిస్కోపుతో, పిండితే బిందె నిండేంత తడిసిన భర్తతో జ్యోతి ఆటో ఎక్కింది. జయరాముడు గొట్టాన్ని పెట్టెలో పెట్టబోతే కుళ్లాయప్ప అడ్డుకున్నాడు.

"పెట్టె వద్దు. పొయ్యేంతవరకన్నా దాని మూతి మన ఊరి పక్క ఉండనీ."

జయరాముడు మూత బిగించి, తడి ఒళ్లో పొడి తువ్వాలు పరిచి, గొట్టాన్ని వెనక్కి తిప్పి పెట్టుకున్నాడు. ఊరు దాటగానే ఇద్దరికీ నవ్వొచ్చింది. ఇదేం పిచ్చి అని ఆయనన్నాడు, పిచ్చేనని ఆమె కూడా అంది. కాసేపటికి ఆయన అలాగే నిద్రపోయాడు. వజ్రకరూరు దాటేవరకు దారి మలుపు తిరిగినప్పుడల్లా జ్యోతి చెయ్యి చాచి, గొట్టం మూతిని అమ్మ చేను వైపుకు సరిచేస్తూ కూర్చుంది.