ఖండేనవమి నాటి స్ప్రింగు సంగ్రామము

శరదృతువున, ఆశ్వయుజ శుద్ధ నవమి నాడు, ఉదయము పది గంటలకే ఎండ చురచురలాడుచుండగా, పద్మాపూర్ గని బొగ్గుధూళి గాలికి లేచి ఆరవేసిన తెల్లచొక్కాలనన్నిటినీ సమదృష్టితో నల్లబరచుచుండగా, జట్‌పురా గేటు వద్ద ఆటోలు హారన్ల ఘోషతో దిక్కులు పిక్కటిల్లజేయుచుండగా, మహారాష్ట్రమందలి చంద్రపూర్ నగరమున ఒకానొక ఇరుకు సందులో, ఆరడుగుల వెడల్పు గల దుకాణమున, ముక్కాలిపీటపై ఆసీనుడై, ముక్కుపై రెండు కళ్ళజోళ్ళను ఒకదానిమీద ఒకటి ధరించినవాడై, ఆయుధవైద్యశిఖామణి బాపురావు కొలువుదీరియున్నాడు. జనులారా, చూడుడు. చూచుటకు పెద్దగా ఏమియు లేదు గాని, చూడుడు.

ఎవడితడందురా? రాజురా తాలూకా తెలుగు రైతుల ఇంట పుట్టి, నాగలి వదలి ఆకురాయి పట్టి, తుపాకుల మరమ్మతుకు సర్కారువారిచ్చిన లైసెన్సును అద్దము కట్టించి గోడకు వ్రేలాడదీసి, ముప్పదియేండ్లుగా బ్యాంకు కాపలాదారుల తుపాకులకు పట్టిన తుప్పును నిర్దాక్షిణ్యముగా సంహరించుచున్న ధీరుడు. అతని ఒడిలో ఇప్పుడొక చిన్న రైఫిల్ పరుండియున్నది. అది జిల్లా షూటింగ్ క్లబ్బుది. పాయింట్ టూ టూ రిమ్‌ఫైర్ జాతిది. స్వభావము చేత తొందరది. ఒక గుండు పేలినంతనే, ఎవరూ అడుగకున్నను, తన బోల్టును తానే వెనుకకు తోసికొని, రెండవ గుండును తానే మింగి సిద్ధమై కూర్చుండును. లోకమంతయు చేతిపనిని యంత్రమునకు అప్పగించి కాళ్ళు చాపుకొన్న ఈ కాలమున, యంత్రము చేయు పనిని మరల చేతికప్పగించుటయే మా నాయకుడు పూనిన మహాకార్యము. ఇకపై ఒక్కొక్క గుండుకు ఒక్కొక్కసారి బోల్టును చేతితో లాగవలెను. లాగనిదే రెండవ గుండు రాకూడదు.

ఇంత శ్రమ ఎవరికొరకందురా? హర్షిత కొరకు. ఆమె పద్మాపూర్ గనిలో టిప్పర్ నడుపు రాజన్న కూతురు, పదునారేండ్లది. ఆమె కన్ను సూదిమొన. ఆమె ఓపిక మాత్రము మన టౌన్ బస్సు సీటు, ఎప్పుడు చూచినను ఉండదు. పిల్లదీ తొందరే, రైఫిల్‌దీ తొందరే గనుక, పది గుండ్లును పది క్షణములలో పేలిపోయి, గురికాగితము నడిబొడ్డు మాత్రము ఏ గాయమును లేక హాయిగా మిగిలియుండును. దసరా మరునాడు జిల్లా జట్టుకు ఎంపిక పోటీ. ఆ పోటీలో చేతితో లాగు రైఫిల్‌కే అనుమతి. క్లబ్బులో ఆమెకు మిగిలినది ఈ ఒక్కటే. కోచ్ ఓంప్రకాష్ నేటి సాయంకాలము ఐదు గంటలకు వచ్చి, దీనిని తనిఖీ చేసి సంతకము పెట్టవలెను. పెట్టనిచో హర్షిత పేరు జాబితాలో ఉండదు.

అంతకంటె భయంకరమైన గడువు మరియొకటి కలదు. ఆ దినము ఖండేనవమి. ఇంటనున్న పనిముట్లనన్నిటినీ కడిగి, పసుపు పూసి, బొట్టు పెట్టి, అమ్మవారి పటము ముందు పేర్చెదరు. పేర్చిన పిమ్మట మరునాటి దసరా సాయంకాలము వరకు సుత్తిని గాని, చివరకు స్క్రూడ్రైవరును గాని ఎవ్వరును ముట్టరు. పూజ పన్నెండింటికి. పూజారిణి బాపురావు ధర్మపత్ని మల్లమ్మ. ఆమె నియమమును దాటగల మగవాడు ఆ సందులో ఇంతవరకు పుట్టలేదు.

వారము దినములుగా సాగిన పని చివరికి వచ్చినది. బోల్టును పట్టియుంచుటకు బాపురావు స్వహస్తములతో రాచిన చిన్న గొళ్ళెము అమరినది. ఇక గొళ్ళెము క్రింద ఉండవలసిన స్ప్రింగు ఒక్కటే మిగిలినది. బియ్యపు గింజంత. దానిని సన్న పట్టకారుతో పట్టి, ఊపిరి బిగించి, మా నాయకుడిట్లు గర్జించెను:

"ఓరీ వక్రదేహా, వలయాకారా, అల్పప్రాణీ! నిన్ను నీ స్థానమున బంధించి, ఈ ఉద్ధతాయుధమునకు వినయము నేర్పి, పద్మాపూర్ బాలికకు విజయమార్గము తెరచెదను గాక!"

ఇది మేము పెంచి చెప్పిన మాట. ఆయన నిజముగా అన్నది: "కూసో, కూసో, కూసో నా తండ్రీ."

అది కూర్చొనలేదు. పట్టకారు కొనల నడుమనుండి 'టింగు'మని ఎగసి, మొదటి కళ్ళజోడును తాకి, గాలిలో మెరసి, అంతర్ధానమయ్యెను.

అప్పుడు బాపురావు రెండు కళ్ళజోళ్ళతోను నేలకు వాలి, మోకాళ్ళపై ప్రాకుచు, బల్లక్రింది చీకటి కోనలను, ఇనుపరజను దిబ్బలను, నూనెడబ్బాల దుర్గములను ఒక్కొక్కటిగా ముట్టడించి, రెండేండ్ల క్రితము పోయిన చెప్పును, మూడు స్క్రూలను, ఒక ఎండిన బల్లిని బందీలుగా పట్టెను. స్ప్రింగు మాత్రము చిక్కలేదు. పదకొండున్నరకు గుమ్మమున చీపురుతో మల్లమ్మ ప్రత్యక్షమయ్యెను.

"ఏందయ్యా, గట్ల పండుకున్నవ్? పూజ యాళ్ళయితుంది."

"స్ప్రింగు పోయిందే."

"ఎంతుంటది?"

"బియ్యపు గింజంత."

"గంత దానికి గింత లొల్లా? పోయి తానం జేసి రాపో. నేను ఊడ్వాలె."

మహావీరులు ఎన్ని యుద్ధములైనను చేయుదురు గాని, చీపురు పట్టిన ఇల్లాలి ఎదుట నిలువరు. బాపురావు స్నానమునకు పోయెను. తిరిగివచ్చునప్పటికి గంట మ్రోగినది. పనిముట్లనన్నిటినీ మల్లమ్మ పెద్ద పళ్ళెములో పేర్చి, పసుపు పూసి, బంతిపూలు చల్లి, హారతి ఇచ్చియుండెను. పట్టకారు నుదుట బొట్టు ఎర్రగా వెలుగుచుండెను. మా నాయకునికి తానిచ్చిన మాట పోవుట ఒక ఎత్తు. ఆ పిల్ల ముఖము చూచుట మరియొక ఎత్తు.

మూడు గంటలకు ఆ పిల్లయే వచ్చెను.

"మామా, ఝాలా కా? అయిందా? సర్ ఐదింటికి వస్తరట."

"కాలే బిడ్డా. ఒక్క స్ప్రింగు తక్కువవడ్డది. ఎటు ఎగిరిందో దొరుకుతలేదు."

హర్షిత వంటి గడుసుపిల్లకు కండ్లలో నీళ్ళు నిలిచెను. అవి ఎవరికీ కనబడకుండుటకై అమ్మవారి పటము ముందుకు పోయి, వంగి దండము పెట్టెను. వంగినది వంగినట్లే ఉండిపోయెను.

"మామా, బఘా, ఇటు సూడు. ఆకురాయి పక్కకు, పసుపుల. గదేంది?"

సుత్తికిని ఆకురాయికిని నడుమ, ఒక బంతిరేకు నీడలో, తలపై సూదిమొనంత బొట్టుతో, స్ప్రింగు సుఖాసీనయై పూజలందుకొనుచుండెను. బాపురావు చేయి చాచెను. మల్లమ్మ చేయి అంతకంటె వేగముగా అడ్డుపడెను.

"ముట్టకు. పూజల ఉన్నది."

"అది పనిముట్టు గాదే. గదే నా పని."

"నాకేం ఎరుక? ఊడ్వంగ దొరికింది. ఇనుమైతే బొట్టు వెట్టిన."

అపుడు బాపురావు కంఠమెత్తి, శాస్త్రమేమి, లోకమేమి, ఇచ్చిన మాటకు మించిన వ్రతమేమి యని, సందు చివరి పాన్ డబ్బా వరకు వినబడునట్లు ఉపన్యసించెను. దాని సారాంశము: "ఇయ్యవే, జర." మల్లమ్మ చలింపలేదు. కాని ఆమె దృష్టి ఒకమారు హర్షిత ముఖము మీదికి పోయెను. ఆ పిల్ల క్రింది పెదవిని పండ్లతో పట్టుకొని, గోడ గడియారమును చూచుచుండెను. మల్లమ్మకు జాలి కలిగెను. కలిగినదని ఆమె ఒప్పుకొనదు గాని, మేము చూచితిమి.

"పనిముట్లు లేపుడైతే లేదు," అని ఆమె తీర్పు చెప్పెను. "గాని దేవుని ముంగట వెట్టినంక అది ప్రసాదం. ప్రసాదం వద్దనరాదు. చెయ్యి వట్టు."

బాపురావు కుడిచేయి చాచెను. మల్లమ్మ స్ప్రింగును రెండు వ్రేళ్ళతో ఎత్తి అతని అరచేతిలో పెట్టెను. అతడు కన్నులకద్దుకొనెను.

"మరి తుపాకి?" అని భయముతో అడిగెను.

"అది క్లబ్బుది. మంది సొమ్ముకు నేనెందుకు బొట్టు వెడుత? పక్కకు వెట్టిన."

"పట్టకారు లేకుండ ఎట్లనే?"

మల్లమ్మ నిట్టూర్చి, తన కొప్పునుండి ఒక పిన్నును లాగి అతని ముందు పెట్టెను. దానికి బొట్టు లేదు. అది ఇంకను స్వతంత్రురాలు.

ఇక మహాయుద్ధము రెండవమారు మొదలయ్యెను. బాపురావు బొటనవ్రేలు పెద్దది, స్ప్రింగు చిన్నది, పసుపు జారుడుది. అది ఒకమారు జారెను. హర్షిత అరచేతులు రెండును అడ్డముపెట్టి, ఎగురు మార్గములన్నిటినీ మూసెను. రెండవమారు మరల జారెను. మూడవమారు బాపురావు గర్జింపలేదు, బ్రతిమాలలేదు. పిన్ను కొనతో మెల్లగా నొక్కెను. 'టక్' మనెను.

రైఫిల్ ఖాళీయని ముమ్మారు చూచి, దానిని హర్షితకిచ్చెను. ఆమె ట్రిగ్గరు నొక్కెను. చేతితో బోల్టు లాగెను, వదలెను, ఊపిరి తీసికొనెను, మరల నొక్కెను. తొందరపడుటకు వీలే లేదు, చేతికి పని ఉన్నది. పదిమార్లు అట్లు చేయుసరికి ఆ పిల్ల భుజములు మొదటిసారిగా నెమ్మదించెను. బాపురావుకు కండ్లు చెమర్చెను. రెండు కళ్ళజోళ్ళుండుటచే ఎవ్వరును గమనింపలేదు.

ఐదింటికి ఓంప్రకాష్ వచ్చి, తిప్పి తిప్పి చూచి, "లోపల పసుపేంది?" అని అడిగెను.

"ప్రసాదం," అనెను మల్లమ్మ.

ఆయన రైఫిల్‌ను కన్నులకద్దుకొని సంతకము పెట్టెను.

కావున జనులారా, దిక్కులకు చాటుడు. బియ్యపు గింజంత స్ప్రింగు, బియ్యపు గింజంత చోటున కూర్చున్నది. ఒక రైఫిల్, అడుగనిదే గుండు తీసికొనరాదను మర్యాదను నేర్చినది. ఒక పిల్ల పేరు జాబితాలో నిలిచినది.

ఆ సాయంకాలము మల్లమ్మ తన పిన్నును కడిగి, పసుపు పూసి, బొట్టు పెట్టి, "పని చేసింది గద, ఇగ ఇదీ పనిముట్టే," అని పళ్ళెములో పట్టకారు ప్రక్కన పెట్టెను. దసరా సాయంకాలము వరకు ఆమె కొప్పు వదులుగానే ఉండెను.