గోడలో చుక్క

ఆదివారం పొద్దున్న ఆరింటికి, ఇంట్లో మిగతా ముగ్గురూ నిద్రలో ఉండగానే, కోడలు నడవాలో ఉన్న గోడ అలమార తెరిచి అందులో ఒక గాజు సామాను నిలబెట్టింది. ఆమె ఆలోచన చిన్నదే. అది ఎనిమిది గంటలు తన మానాన తను పనిచేసుకుంటుంది. రెండింటికి, భోజనాలు అయి అందరూ కునుకు తీసే వేళకి, ఒక జాడీ చల్లటి కాఫీ తయారవుతుంది. దాన్ని బాల్కనీలో కూర్చుని ఒక్కతే తాగాలి. తర్వాత సామాను కడిగి, తుడిచి, మళ్ళీ అట్టపెట్టెలో దాచేయాలి.

ఆమె పాఠ్యపుస్తకాలు అచ్చువేసే ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతుంది. రోజంతా తప్పులు పట్టి విసుగెత్తడం వల్లనో ఏమో, ఇంటికొచ్చాక మాత్రం అందరూ తీసిపారేసిన వాటిలో మంచి వెతుకుతుంది. ఆకులు కాకుండా కాడలు వేయించి చేసిన టీ, బార్లీ గింజల టీ, పిడి మార్పించుకున్న మోకా కాఫీ పాత్ర, గుడ్డ సంచీతో వడకట్టే పాతకాలపు పరికరం, ఇలా ఒక్కొక్కటే చేరి వంటింట్లో కంచాలకి చోటు లేకుండా చేశాయి. కిందటి నెల భర్త మెత్తగానే ఒక షరతు పెట్టాడు. ఒకటి బయటికి వెళ్తేగానీ ఇంకొకటి లోపలికి రాకూడదు. ఆమె మనస్ఫూర్తిగా సరేనంది. ఆ తర్వాత పదకొండో రోజున, మూతపడుతున్న ఒక కాఫీ దుకాణంలో ఈ కోల్డ్ డ్రిప్ కనిపించింది.

చెక్క చట్రంలో ఒకదాని కింద ఒకటిగా మూడు గాజు పాత్రలు. పైదాంట్లో ఐసు నీళ్ళు, మధ్యదాంట్లో కాఫీ పొడి, అడుగున ఖాళీ జాడీ. పైన ఉన్న బుల్లి కుళాయిని సరిగ్గా తిప్పితే క్షణానికో చుక్క పడుతూ ఉంటుంది. ఆమె అందులో వేసింది రోబస్టా పొడి. కాఫీ తెలిసినవాళ్ళు ఆ పేరెత్తితే మొహం చిట్లిస్తారు, చేదనీ మోటనీ. తొందరపెట్టి మరిగిస్తే ఎవరైనా చేదుగానే మాట్లాడతారని ఆమె వాదన.

అలమారనే ఎంచుకోవడానికి కారణం ఉంది. అందులో ఆమె ప్రూఫుల కట్టలుంటాయి. పేజీలు తారుమారైతే కొంప మునుగుతుందని కాపురానికొచ్చిన కొత్తలోనే చెప్పింది కాబట్టి ఆ తలుపు మీద ఇంకెవరూ చెయ్యి వేయరు. గంటసేపు అలమారలోంచి ఏ చప్పుడూ రాలేదు. ఆమె నిశ్చింతగా స్నానానికి వెళ్ళింది. ఆ గంటా పొడి నీళ్ళు పీల్చుకుంటోందనీ, అసలు చప్పుడు ఆ తర్వాత మొదలవుతుందనీ ఆమెకి తెలియదు.

ఏడున్నరకి అందరూ టిఫిన్ ముందు కూర్చున్నప్పుడు మొదటి చుక్క ఖాళీ జాడీలో పడింది. కింద బోలు చెక్క, చుట్టూ మూసిన అలమార. సన్నగా, స్పష్టంగా టిక్కుమంది. అత్తగారు చెయ్యి ఆపి, ఎక్కడో నీళ్ళు కారుతున్నాయంది. భర్త కూడా తల తిప్పి, గోడలోంచి వస్తోందన్నాడు. తర్వాత ఇద్దరూ కలిసి మామగారి వైపు చూశారు.

చూడరా మరి. మామగారు నీటి సరఫరా శాఖలో ముప్పై ఒక్క ఏళ్ళు చేసిన పనే అది. మూడు మూరల పొడుగున్న ఇనప కడ్డీ ఒక కొస రోడ్డు మీద ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని, భూమిలో పైపు ఎక్కడ పగిలిందో విని చెప్పేవారు. ఆయన విన్నాకే గునపం దిగేది. శాఖలో ఆయన్ని పేరుతో పిలిచినవాళ్ళు తక్కువ, అందరికీ ఆయన చెవిగారు. అలాంటాయన ఈ మధ్య అడిగినదానికి కాకుండా ఇంకో దానికి జవాబు చెప్తున్నారని కొడుకు కనిపెట్టి, సోమవారం పదింటికి చెవి డాక్టరు దగ్గర టైము తీసుకున్నాడు. తన చెవికి పరీక్ష పెట్టే మగాడు ఇంకా పుట్టలేదని మామగారు వారం రోజులుగా అంటూనే ఉన్నారు.

"సరే నాన్నా, పందెం," అన్నాడు భర్త. "ఇది ఎక్కడ కారుతోందో చెప్పు. చెప్పావంటే రేపటి డాక్టరు రద్దు. చెప్పలేకపోతే నోరు మూసుకుని నాతో రావాలి."

మామగారు కాసేపు భార్య మొహంలోకి చూశారు. ఆవిడ కళ్ళు నడవా వైపున్నాయి. ఆయన లేచి, బీరువా వెనకనుంచి కడ్డీ తీసి, తిన్నగా నడవాలోకి వెళ్ళి గోడకి ఆనించి కళ్ళు మూసుకున్నారు.

కోడలు అప్పుడే చెప్పేయాల్సింది. ఆ క్షణాన చెప్పి ఉంటే నాలుగు చీవాట్లతో పోయేది. కానీ భర్త ఇంకో పక్క వంటింటి అరలో చోటు గురించే ఏదో అంటున్నాడు. ఆమె నోట్లోంచి వచ్చిందల్లా, పైవాటాలో గడియారం చప్పుడేమోనన్న మాట. అందరూ వెళ్ళిపోతే గబుక్కున కుళాయి కట్టేయొచ్చని ఆమె లెక్క. కానీ అత్తగారు కుర్చీ తెచ్చి సరిగ్గా అలమార ముందు వేసుకుని, చుక్కలు వినడానికి తీరిగ్గా కూర్చుంది.

"ఇక్కడ," అన్నారు మామగారు, అలమారకి ఎడం పక్కన అరచెయ్యి పెట్టి.

ప్లంబరు తొమ్మిదింటికల్లా వచ్చాడు. ఒకప్పుడు చెవిగారి చేతికింద గునపం పట్టినవాడు. గురువుగారు చూపించాక తను మళ్ళీ వినడం మర్యాద కాదని, వచ్చీ రాగానే గోడ బద్దలుకొట్టాడు. పైపు బయటపడింది. ఎండలో ఆరేసిన కర్రలా పొడిగా ఉంది. ప్లంబరు దాన్ని వేలితో తడిమి, వేలు చూసుకుని, మళ్ళీ తడిమాడు. పైపు ఏ తప్పూ చేయలేదు గానీ గురువుగారిది తప్పనడానికి అతనికి నోరు రాలేదు. నీళ్ళు ఇక్కడికి వచ్చి అటు తిరిగి ఉంటాయన్నాడు.

పెద్ద వాల్వు కట్టేసి చూద్దామని భర్త అన్నాడు. ఇంటికంతటికీ నీళ్ళు ఆగిపోయాయి. టిక్కుటిక్కుమంటూనే ఉంది. నీళ్ళు లేకుండా నీళ్ళు కారే ఇంట్లో తను ఒక్క పూట కూడా ఉండలేనని అత్తగారు పైకి చూసి దండం పెట్టుకుంది. ఆవిడ పైకి చూడటం మామగారు చూశారు. ఆయన కడ్డీని పైకప్పు వైపు ఎత్తి, పైవాటా అన్నారు.

పైవాటాలో ఉండేది దర్జీ. మర్నాటికి ఒక బడి పిల్లలకి ఇరవై రెండు యూనిఫాములు ఇవ్వాలి. ఆవిరి ఇస్త్రీపెట్టెలో నీళ్ళయిపోయి, కుళాయి తిప్పితే రాక, అప్పటికే అతను మెట్లు దిగి వస్తున్నాడు. దారిలోనే ఎదురై, మీ స్నానాల గది కారి మా గోడలు నానిపోతున్నాయని అత్తగారు అంది. తన నీళ్ళు ఎవరు కట్టేశారని అతను అడిగాడు. ఇద్దరిలో ఎవరూ రెండోవాళ్ళ మాటకి జవాబు చెప్పకుండా పావుగంట మాట్లాడుకున్నారు. గడియారం సంగతి కూడా వచ్చింది. తన ఇంట్లో గడియారమే లేదనీ, ఉంటే యూనిఫాములు ఈపాటికి అయిపోయేవనీ దర్జీ అన్నాడు. చివరికి, పెద్దాయన పేరుకి విలువిచ్చి, స్నానాల గదిలో నాలుగు పలకలు పీకడానికి ఒప్పుకున్నాడు. అతను పక్కనే గోడకి జారబడి, ఒక్కో పలక ఊడినప్పుడల్లా ఒక్కో గుండీ కుట్టాడు. నాలుగు పలకల కిందా సిమెంటు పొడిగా, తెల్లబారి ఉంది.

కోడలు మెట్ల మీద నిలబడి మనసులో కొలుచుకుంది. ఇప్పుడు చెప్తే ఒక గోడ, నాలుగు పలకలు, ఇరవై రెండు యూనిఫాములు, ఒక మాట తప్పడం. గంట కిందట చెప్పుంటే ఒక గోడతో పోయేది. ఆమె భర్తని పక్కకి రమ్మంది. అతను తండ్రి మొహం చూసి బెంగగా ఉన్నాడు. పందెం వేయకుండా ఉండాల్సింది, ఆయన చూడు ఎలా వాడిపోయాడో అన్నాడు. ఆమె చెప్పడం మానేసి కిందికి దిగిపోయింది.

ఒంటిగంటకి ప్లంబరు నెత్తి గోక్కుంటూ, ఇక మిగిలింది అలమార వెనక గోడే అన్నాడు. కట్టలు తీసేసి చెక్క ఊడదీస్తే తేలిపోతుందట. కోడలు వెళ్ళి తలుపుకి వీపు ఆనించి నిలబడింది. మామగారు అందరి వైపూ ఒకసారి చూసి, పూర్వం రోడ్డు మీద చెప్పినట్టే చెప్పారు.

"అందరూ బయటికి వెళ్ళండి. ఊపిరి చప్పుడు కూడా ఉండకూడదు. కాగితాలు నీవి కాబట్టి నువ్వొక్కదానివే ఉండమ్మా."

దర్జీతో కలిపి నలుగురూ మెట్ల మీదకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నారు. మామగారు కడ్డీని గోడకి చేరేసి, కోడల్ని పక్కకి జరగమని చెయ్యి ఊపి, అలమార తెరిచారు.

లోపల ఆ గాజు మేడ తన పని తను చేసుకుంటోంది. జాడీ మూడొంతులు నిండింది. గోధుమరంగు చుక్క ఒకటి సాగి, తెగి, కింద పడింది. మామగారు వంగి చూశారు. ఇంకో చుక్క పడింది. మూడోది కూడా పడింది. కోడలు క్షమాపణ చెప్పడానికి నోరు తెరిచింది.

"ఇది చప్పుడు చేస్తోందా అమ్మా?" అన్నారాయన.

ఆమెకి ఒక్క నిమిషం అర్థం కాలేదు. అర్థమయ్యాక తలెత్తలేకపోయింది.

"చేస్తోంది మామయ్యా."

"ఎంత?"

"మెట్ల దాకా వినపడుతోంది."

ఆయన అత్తగారి కుర్చీలో కూర్చున్నారు. పొద్దుటినుంచి తనకి ఒక్క చుక్క కూడా వినపడలేదన్నారు. మీ అత్తయ్య ఎటు చూస్తే అటు చూపించానన్నారు. ముప్పై ఒక్క ఏళ్ళు తనలో పనికొచ్చింది ఆ చెవి ఒక్కటేననీ, అది కూడా పోయిందని డాక్టరు కాగితం మీద రాసిస్తే చేతిలో పట్టుకుని ఇంటికి ఎలా రావాలో తెలియలేదనీ అన్నారు. ఈ మాటలన్నీ ఆయన మామూలుగా, కూరలో ఉప్పు తక్కువైందన్నట్టు చెప్పారు. తర్వాత జాడీని చూపించి, ఇదేమిటన్నారు. ఆమె చెప్పింది. ఎంతసేపు పడుతుందన్నారు. ఎనిమిది గంటలంది.

"కాఫీ చల్లారడానికి పది నిమిషాలు చాలు కదమ్మా," అన్నారు మామగారు.

ఆమె కుళాయి కట్టేసింది. పొడిలో మిగిలిన నీళ్ళు ఇంకా దిగుతూ ఉంటే, రుమాలు మడిచి జాడీ నోట్లో కుక్కింది. చప్పుడు ఆగిపోయింది. వెంటనే మెట్ల మీంచి అత్తగారి కేక వినిపించింది, ఆగిపోయిందంటూ. కోడలు అలమార మూసిన మరుక్షణమే తలుపు తోసుకుని నలుగురూ లోపలికి వచ్చారు. మూసిన అలమార ముందు, కుర్చీలో కూర్చున్న చెవిగారు కనిపించారు.

ప్లంబరు వంగి కాళ్ళకి దండం పెట్టాడు. ఒక్క దెబ్బ కొట్టకుండా చుక్కని ఆపినవాణ్ణి తను ఇంకొకర్ని చూడలేదన్నాడు. అంత కోపంలోనూ దర్జీ, ఎలా ఆపారని అడిగాడు. తనేమీ ఆపలేదనీ, తనకసలు వినపడనే లేదనీ మామగారు గట్టిగానే చెప్పారు. పెద్దవాళ్ళు అలాగే అంటారని ప్లంబరు దర్జీకి వివరించాడు. గొప్ప చెప్పుకునే అలవాటు ఈయనకి మొదటినుంచీ లేదని అత్తగారు కళ్ళు తుడుచుకుంది. భర్త నవ్వుతూ ఫోను తీసి, ఓడిపోయాను నాన్నా అంటూ, సోమవారం పదింటి టైము రద్దు నొక్కేశాడు.

మామగారు మళ్ళీ ఏదో చెప్పబోయి, ఎవరూ వినే స్థితిలో లేరని చూసి ఊరుకున్నారు. ఒక్కసారి కోడలి వైపు చూశారు. ఆ చూపులో అడిగిందేమీ లేదు. నీ సంగతి నా దగ్గర భద్రంగా ఉంటుంది, నా సంగతి నీ దగ్గర ఉండనీ అన్నట్టుంది. ఆమె తలూపితే ఇద్దరి పరువూ ఆ పూటకి దక్కేది.

ఆమె అలమార తెరిచింది. గాజు మేడని రెండు చేతులా ఎత్తి, నడిచి, టిఫిన్ బల్ల మధ్యలో పెట్టింది. రుమాలు లాగేసి పై కుళాయి తిప్పింది.

టిక్.

అత్తగారు, భర్త, ప్లంబరు, దర్జీ, నలుగురూ ఒకేసారి తల తిప్పారు. మామగారు తిప్పలేదు. ఆయన చూపు ఇంకా కోడలి మొహం మీదే ఉంది. ఇంకో చుక్క పడింది. భర్త చుక్కని చూసి, తండ్రిని చూసి, ఫోనుని బల్ల మీద బోర్లా పెట్టేశాడు.

"పొద్దున్నే చెప్పాల్సింది," అంది కోడలు. "గోడా, పలకలూ నావల్లే. చెప్పలేదు, మీరు తిడతారని. మామయ్య మాత్రం నిజమే చెప్పారు. మీరే వినలేదు."

భర్త వెళ్ళి తండ్రి పక్కన కూర్చున్నాడు. భుజం మీద చెయ్యి వేసి, దగ్గరగా వంగి, చెవిలో చెప్పాడు, పందెం లేదు నాన్నా, నీకు ఇష్టమైతేనే వెళ్దామని. మామగారికి ఈసారి పూర్తిగా వినపడింది. డాక్టరు తనని వినమనే ముందు కనీసం ఆ కాఫీ రుచి చూడనివ్వమన్నారు. జాడీలో ఉన్న కాఫీని ఆరు చిన్న గ్లాసుల్లో పంచారు. దర్జీ మొదటి గుక్క అనుమానంగా తాగి, రెండో గుక్క ఆలోచిస్తూ తాగి, చేదు లేదని ఒప్పుకున్నాడు. ప్లంబరు తన గ్లాసు పట్టుకెళ్ళి పొయ్యి మీద వెచ్చబెట్టుకున్నాడు. అది చూసినా ఆ రోజుకి కోడలికి ఒకరిని అనే హక్కు లేదు.

మామగారు గ్లాసు ఖాళీ చేసి, రేపు పదింటికే కదా అన్నారు. భర్త ఫోను తిప్పి చూశాడు. అతను వదులుకున్న టైము ఈలోపు ఇంకెవరో తీసేసుకున్నారు.

తర్వాతి ఖాళీ మూడు వారాలకి గానీ దొరకలేదు. ఆ మూడు వారాలూ ఇంట్లో అందరూ మామగారితో అరిచి మాట్లాడారు, గొంతు పెంచడానికి మొహం చెల్లని కోడలు ఒక్కతే తప్ప.